జబ్బు లేనివాళ్ల జబ్బకు సూది

పుణె పక్కన భోసరిలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఎయిడ్స్ పరిశోధన సంస్థ ఉంది. ఒకప్పుడు దాన్ని అందరూ 'నారి' అనేవారు. మన దేశంలో హెచ్ఐవీ నివారణ టీకాను మొట్టమొదటిసారి మనుషుల మీద పరీక్షించింది అక్కడే, 2005 ఫిబ్రవరిలో. కావలసింది 30 మంది. ఆరోగ్యంగా ఉండాలి, ఒంట్లో హెచ్ఐవీ ఉండకూడదు, అది సోకే ప్రమాదం కూడా బాగా తక్కువగా ఉండాలి. ఇలాంటి పరీక్షలకు వచ్చేవాళ్లకు రక్తపరీక్షలతోపాటు కాగితం మీద కొన్ని ప్రశ్నలు ఇస్తారు. 'ఈ టీకా వేయించుకుంటే నాకు హెచ్ఐవీ రాదు: అవునా, కాదా?' అనేది అందులో తప్పకుండా ఉండే రకం ప్రశ్న. 'అవును' అని టిక్కు పెట్టినవాళ్లను మళ్లీ కూర్చోబెట్టి మొదటినుంచీ చెబుతారు. అప్పటికీ అర్థం కాకపోతే సూది వేయరు, ఇంటికి పంపేస్తారు.

క్యాన్సర్ రోగి మీద కొత్త మందు పరీక్షించేటప్పుడు ఆ రోగికి ఒక ఆశ ఉంటుంది. నయమైతే అవుతుందేమో అని. జబ్బే లేని మనిషి జబ్బకు సూది గుచ్చితే ఆ మనిషికి ఒరిగేదేమీ లేదు. నష్టమేదైనా ఉంటే అది మాత్రం తనదే. మరి అలాంటి మనిషిని ఎలా అడగాలి? ఎంతవరకు చెప్పాలి? అతని రక్తం నుంచి ఏం నేర్చుకోవాలి? హెచ్ఐవీ టీకా నలభై ఏళ్లయినా రాలేదని అందరికీ తెలుసు. కానీ ఆ నలభై ఏళ్లలో ఈ ప్రశ్నలకు జవాబులు దొరుకుతూ వచ్చాయి. తొలి దశ పరీక్ష అనేదే మెల్లమెల్లగా రూపుకట్టింది. నా దృష్టిలో అది చెప్పుకోదగిన ఆవిష్కరణ. దాని వెనక కొన్ని వేలమంది ఆరోగ్యవంతుల చేతులున్నాయి.

1984 ఏప్రిల్ 23న వాషింగ్టన్‌లో అమెరికా ఆరోగ్యశాఖ మంత్రి మార్గరెట్ హెక్లర్ విలేకరుల ముందుకొచ్చి ఎయిడ్స్‌కు కారణమైన వైరస్ దొరికిందన్నారు. అంతకు ఏడాది ముందే పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, లూక్ మోంటానియే బృందం ఆ వైరస్‌ను పట్టుకుంది. హెక్లర్ మరో మాట కూడా అన్నారు: ఇంకో రెండేళ్లలో టీకా పరీక్షకు సిద్ధమవుతుందని ఆశిస్తున్నామని. ఆ మాటను ఇప్పుడు తప్పుపట్టడం సులభం. అప్పటికి పోలియో, తట్టు, మశూచి అన్నిటికీ టీకాలు వచ్చాయి. వైరస్ దొరికితే టీకా దొరికినట్టే అనుకోవడం ఆనాటి అనుభవం నేర్పినదే.

పాత దారులు మాత్రం మూసుకుపోయాయి. తట్టు టీకాలో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. హెచ్ఐవీని అలా బలహీనపరిచి ఒంట్లోకి పంపితే, అది మన కణాల జన్యువుల్లోకి చొరబడి జీవితాంతం అక్కడే ఉండిపోతుంది. ఎప్పటికైనా మళ్లీ బలం పుంజుకోదని ఎవరు పూచీ పడతారు? 1992లో 'నెఫ్' అనే జన్యువును తీసేసిన, హెచ్ఐవీ లాంటి కోతి వైరస్ పెద్ద కోతులను కాపాడింది. మూడేళ్ల తర్వాత అలాంటి వైరస్సే పసి కోతిపిల్లలకు జబ్బు తెప్పించిందని రూత్ రూప్రెక్ట్ బృందం చూపించింది. అయినా 1997లో అమెరికాలో ఓ యాభైమంది, వారిలో చాలామంది డాక్టర్లే, అలాంటి బలహీన వైరస్ టీకాను తమ మీదే పరీక్షించమని ముందుకొచ్చారు. రోజూ ఎయిడ్స్ రోగుల చావులు చూసిచూసి ఆ మాటన్నారు. ఆ పరీక్ష జరగలేదు. జరగకపోవడమే సరైనదని నేననుకుంటాను. మనిషి ఒప్పుకున్నంత మాత్రాన ప్రతి ప్రయోగమూ చేయదగ్గది కాదని వైద్యం అక్కడ గట్టిగా నిలబడింది.

కనుక మొత్తం వైరస్‌ను వదిలేసి, దాని పైపొర మీదుండే ప్రొటీన్‌ను మాత్రమే వాడదామన్నారు. ఆ ప్రొటీన్ పేరు జీపీ160. అది ఒక్కటే ఒంట్లోకి పోతే ఇన్ఫెక్షన్ రాదు, రావడానికి వైరస్సే లేదు కదా. శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు, అసలు వైరస్ వచ్చినప్పుడు పట్టేస్తుందని ఆశ.

మనిషికి తొలి సూది 1986లో పడింది, అప్పటి జైర్ దేశంలో. దాన్నే ఇప్పుడు కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం అంటున్నాం. పారిస్ శాస్త్రవేత్త డానియెల్ జగూరి మశూచి టీకాలో వాడే వైరస్‌లోకి హెచ్ఐవీ పైపొర జన్యువును ఎక్కించి, ముందు తనకే వేసుకున్నాడు. తర్వాత కొద్దిమంది జైర్ దేశీయులకు వేశాడు. 1987లో 'నేచర్' పత్రికలో ఆ వివరాలు వచ్చినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది. తన ఒంటి మీద తానే ప్రయోగం చేసుకున్న డాక్టర్ల పరంపర వైద్యచరిత్రలో పాతదే, అందులో ఒక తెగువ ఉంది. ఆ తెగువను నేను తక్కువ చేయను. కానీ తర్వాత కొన్నేళ్లకు ఆ ప్రయోగాల అనుమతుల మీద అమెరికాలో విచారణ జరిగింది, లోపాలు బయటపడ్డాయి. డాక్టర్ తనకు తాను వేసుకున్నంత మాత్రాన, పేదదేశంలో పక్కవాడికి వేసే హక్కు రాదు. అందరూ ఒప్పుకునే పద్ధతి ఒకటి కావాలన్నది ఆ గొడవలో తేలిన సంగతి.

ఆ పద్ధతి అట్లాంటిక్ అవతల అప్పటికే మొదలైంది. 1987 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, మైక్రోజీన్‌సిస్ అనే చిన్న కంపెనీ తయారుచేసిన జీపీ160 టీకాకు అనుమతిచ్చింది. పురుగుల కణాల్లో పెంచిన ప్రొటీన్ అది. బెథెస్డాలోని ప్రభుత్వ క్లినికల్ సెంటర్‌లో హెచ్ఐవీ లేని 138 మంది ఆరోగ్యవంతులు చేరారు. టీకా పరీక్ష మొదటి దశలో చూసేది రెండే విషయాలు: ఒంటికి పడిందా లేదా, రోగనిరోధక శక్తి స్పందించిందా లేదా. జబ్బును ఆపుతుందా అన్నది ఆ దశలో ప్రశ్నే కాదు. దానికి వేలమంది కావాలి, ఏళ్లు పట్టాలి. అందుకే మోతాదు కూడా కొంచెంతో మొదలుపెట్టి, ముందు వేయించుకున్నవాళ్లు బాగున్నారని తేలాకే పెంచుతూ పోతారు. కొందరికి మందు లేని ఉత్తుత్తి సూది వేస్తారు. ఎవరికి ఏది పడిందో వేసినవాళ్లకూ తెలియదు, వేయించుకున్నవాళ్లకూ తెలియదు. బెథెస్డాలో టీకా ఒంటికి పడింది. పెద్ద ఇబ్బందులేవీ రాలేదు.

అదే సమయంలో సియాటిల్‌లో మశూచి టీకా వైరస్ దారిలోనే మరో టీకాను పరీక్షించారు. అక్కడ ఒక సంగతి బయటపడింది. చిన్నప్పుడు మశూచి టీకా వేయించుకున్నవాళ్లలో ఈ కొత్త టీకాకు స్పందన బాగా తగ్గిపోయింది. వేయించుకోనివాళ్లలో బాగుంది. మోసుకొచ్చే వాహనాన్ని శరీరం ముందే గుర్తుపట్టి అడ్డుకుంటే లోపలి సరుకు దిగదు. చూడ్డానికి చిన్న విషయమే. సుమారు ఇరవై ఏళ్ల తర్వాత మరో వాహనంతో ఇదే ప్రశ్న ఎంత ఘోరంగా ఎదురైందో ముందుకెళ్లి చూద్దాం.

బెథెస్డా, సియాటిల్ వాలంటీర్ల కథలో నన్ను ఎక్కువగా కదిలించే భాగం టీకా పనిచేసినప్పుడు మొదలయ్యే కష్టం. హెచ్ఐవీ ఉందో లేదో చూసే ఎలీసా పరీక్ష వైరస్ కోసం వెతకదు, వైరస్ మీద మన శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీల కోసం వెతుకుతుంది. టీకా చేసే పని ఆ యాంటీబాడీలను పుట్టించడమే. కనుక టీకా బాగా పనిచేసినకొద్దీ, హెచ్ఐవీ లేని ఆ మనిషికి ఆస్పత్రిలో 'పాజిటివ్' అని కాగితం వచ్చే అవకాశం పెరుగుతుంది. కొందరిలో ఇది ఏళ్లతరబడి ఉంటుంది. రక్తం ఇవ్వబోతే వద్దంటారు. బీమా కంపెనీ వాళ్లు, సైన్యంలో చేర్చుకునేవాళ్లు, వీసా ఇచ్చేవాళ్లు అనుమానంగా చూస్తారు. గర్భిణి అయితే ప్రసూతి ఆస్పత్రిలో కంగారు. మన ఊళ్లలో 'పాజిటివ్' అన్న ఒక్క మాటకు ఇల్లు ఖాళీ చేయించిన రోజులు, శవాన్ని ముట్టుకోని రోజులు చూసినవాళ్లకు ఈ భారం ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. అందుకే టీకా పరీక్షలు జరిపేవాళ్లు వాలంటీర్లకు గుర్తింపు కార్డులు ఇవ్వడం, వైరస్‌నే నేరుగా వెతికే జన్యు పరీక్షను ఎన్నేళ్లయినా ఉచితంగా చేసిపెట్టడం, ఎవరైనా అనుమానిస్తే డాక్టరే మాట్లాడటం పద్ధతిగా పెట్టుకున్నారు. సూది వేసిన రోజుతో బాధ్యత తీరదని, ఆ మనిషి జీవితాంతం ఉంటుందని ఈ రంగం ఇలా నేర్చుకుంది.

తర్వాత ఆరేడేళ్లు చాలా టీకాలు వచ్చాయి, పోయాయి. వాటన్నిటి గురించి చెప్పనక్కర్లేదు. చెప్పవలసింది 1994 జూన్ నిర్ణయం. అప్పటికి రెండు కంపెనీల పైపొర ప్రొటీన్ టీకాలు తొలి దశలు దాటి, వేలమంది మీద పరీక్షకు సిద్ధంగా ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ వద్దంది. కారణం వాలంటీర్ల రక్తంలోనే దొరికింది. వాళ్లలో పుట్టిన యాంటీబాడీలు ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పెంచిన వైరస్‌ను చంపుతున్నాయి, రోగుల నుంచి అప్పుడే తీసిన వైరస్‌ను మాత్రం తాకలేకపోతున్నాయి. పైగా టీకా వేయించుకున్న కొందరికి, తర్వాత తమ జీవితాల్లో, హెచ్ఐవీ సోకింది. చిన్న పరీక్షలే ఈ సంగతి చెప్పాయి. ఆ మాటను విన్నారు. కంపెనీలకు కోపం వచ్చింది. ఆ టీకాల వారసురాలైన ఒకదాన్ని తర్వాత అమెరికాలోనూ థాయ్‌లాండ్‌లోనూ పెద్ద ఎత్తున పరీక్షించారు. 2003 నాటికి అది పనిచేయదని తేలిపోయింది.

ఈలోగా ఎక్కడ పరీక్షించాలన్న ప్రశ్న వచ్చింది. జబ్బు ఎక్కువ ఆఫ్రికాలో, పరీక్షలు ఎక్కువ అమెరికాలో. ఉగాండా డాక్టర్ పీటర్ ముగ్యెన్యి కంపాలాలో తొలి పరీక్ష తేవాలని పట్టుపట్టారు. ఏళ్ల తరబడి వాదోపవాదాలు జరిగాయి. మనవాళ్లను ప్రయోగశాల ఎలుకలను చేస్తారా అని కొందరు, మనవాళ్ల ఒంటికి పడుతుందో లేదో మనమే చూసుకోకపోతే ఎవరు చూస్తారని కొందరు. 1999 ఫిబ్రవరిలో 40 మంది ఉగాండా వాలంటీర్లతో ఆఫ్రికాలోని మొదటి హెచ్ఐవీ టీకా పరీక్ష మొదలైంది. పిట్టలకు వచ్చే మశూచి వైరస్ మీద హెచ్ఐవీ ముక్కలను ఎక్కించిన టీకా అది. సురక్షితమని తేలింది, స్పందన మాత్రం అంతంతమాత్రమే.

నైరోబీ కథ ఇంకా లోతైనది. అక్కడి మజెంగో మురికివాడలో సెక్స్ వర్కర్లుగా బతుకుతున్న కొందరు మహిళలకు ఏళ్లు గడిచినా హెచ్ఐవీ సోకడం లేదని కెనడా, కెన్యా డాక్టర్లు గమనించారు. వాళ్ల రక్తంలో హెచ్ఐవీ సోకిన కణాలను చంపే టి కణాలు దొరికాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆండ్రూ మెక్‌మైకేల్, తొమాష్ హాంకె ఆ స్పందనను అనుకరించే టీకా తయారుచేశారు. 2000లో ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్ష మొదలైంది, తొలి వాలంటీర్లలో ఒక బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు కూడా ఉన్నాడు. మరుసటి ఏడాది నైరోబీలో జాబ్ బ్వాయో నాయకత్వంలో మొదలైంది. టీకా బలహీనంగా ఉందని తేలాక దాన్ని ఆపేశారు. ఆ మహిళలది మాత్రం ఇంకో పాఠం. వాళ్లలో కొందరు వృత్తికి కొన్నాళ్లు విరామమిచ్చి తిరిగొచ్చాక వైరస్ సోకింది. అంటే ఆ రక్షణ ఎప్పటికీ నిలిచేది కాదు. తమ శరీరాల్లోని ఆ రహస్యాన్ని లోకానికి ఇచ్చిన ఆ స్త్రీలకు పేదరికం నుంచి బయటపడే దారి మాత్రం ఈ టీకా పరిశోధన చూపలేదు. ఇది నన్ను కలవరపెడుతుంది.

మన దేశానికి వద్దాం. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సెక్స్ వర్కర్ల రక్త నమూనాలను సేకరించి మన దేశంలో హెచ్ఐవీ ఉందని మొదటిసారి నిరూపించారు. నమూనాలను ఐస్ పెట్టెలో పెట్టుకుని రాత్రి రైల్లో వేలూరు తీసుకెళ్లి పరీక్ష చేయించారు. ఆ తర్వాత పదిహేనేళ్లలో మహారాష్ట్ర, తమిళనాడు, కర్ణాటక, మణిపూర్, నాగాలాండ్‌లతోపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా హెచ్ఐవీ ఎక్కువున్న రాష్ట్రాల జాబితాలోకెక్కింది. లారీలు ఆగే హైవే పట్టణాల్లో, కోస్తా జిల్లాల ఆస్పత్రుల్లో ఆ రోజులు చూసిన డాక్టర్లు, నర్సులు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. మన దగ్గర తిరిగే వైరస్ 'సి' రకం. దక్షిణాఫ్రికాలోనూ అదే. అమెరికాలో, యూరప్‌లో 'బి' రకం ఎక్కువ. అక్కడి టీకా ఇక్కడ పనికొస్తుందన్న నమ్మకం లేదు. మన టీకా మన దగ్గర పరీక్షించాలన్న పట్టుదల అక్కడినుంచే వచ్చింది.

పుణెలో 2005లో పరీక్షించిన టీకా 'సి' రకం జన్యువులను ఒక హానిలేని చిన్న వైరస్ మీద ఎక్కించి సియాటిల్ కంపెనీ తయారుచేసినది. బెల్జియం, జర్మనీల్లో కూడా దాన్నే పరీక్షించారు. ఐసీఎంఆర్, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ న్యాకో, అంతర్జాతీయ ఎయిడ్స్ టీకా సంస్థ ఐఏవీఐ కలిసి పుణె పరీక్షను జరిపాయి. ఏడాది తర్వాత, 2006 జనవరిలో, చెన్నై చేట్‌పట్‌లోని క్షయ పరిశోధన కేంద్రంలో రెండో పరీక్ష మొదలైంది. టీబీసీ-ఎం4 అనే ఆ టీకా మన దేశపు వైరస్ నుంచే తీసుకున్న జన్యువులతో రూపొందింది, మశూచి టీకా వైరస్‌ను బాగా బలహీనపరిచిన రూపం మీద ఎక్కించారు. 32 మంది వాలంటీర్లు, మూడేసి సూదులు, ఆరు నెలల్లో. క్షయ మందుల పరీక్షల్లో అర్ధశతాబ్దం అనుభవమున్న సంస్థ కావడం వల్ల చెన్నైకి ఒక సౌకర్యం ఉంది: రోగి ఇంటిదాకా వెళ్లి మాట్లాడటం అక్కడివాళ్లకు కొత్త కాదు.

ఫలితాలు వచ్చాయి. పుణె టీకా సురక్షితం, స్పందన బలహీనం. చెన్నై టీకా సురక్షితం, తక్కువ మోతాదు వేయించుకున్నవాళ్లలో 82 శాతానికి, ఎక్కువ మోతాదు వాళ్లలో అందరికీ స్పందన కనిపించింది, అయితే దాని బలం ఓ మోస్తరే. 2009లో రెండు కేంద్రాల్లోనూ కలిపి 32 మంది మీద, ముందు డీఎన్ఏ టీకా, తర్వాత చెన్నై టీకా వేసి చూశారు. అదీ పెద్ద పరీక్ష దాకా పోలేదు. పని మళ్లీ ప్రయోగశాలలకు, ఫరీదాబాద్ లాంటి చోట్లకు తిరిగొచ్చింది.

మరి ఆ 94 మంది చేసినదంతా వృథాయేనా? కాదని గట్టిగా చెప్పగలను. ఎందుకో చెప్పడానికి మన దగ్గరి ఉదాహరణే ఒకటుంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ప్రదర్శన ప్రాజెక్టు పేరుతో ఆడపిల్లలకు వేశారు. అది అప్పటికే అనుమతి పొందిన టీకా, తొలి దశ పరీక్ష కానేకాదు. అయినా రెండు వేలకు పైగా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయని తర్వాత విచారణలో బయటపడింది. పార్లమెంటరీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా వేసిన ఆ ఆడపిల్లల్లో చాలామంది గిరిజనులు. పుణె, చెన్నైల్లో అంతకంటే ఎన్నో రెట్లు కొత్తదైన, ఎన్నో రెట్లు భయపెట్టే పేరున్న టీకాను, స్థానిక భాషలో చెప్పి, ప్రశ్నలు వేసి, సలహా సంఘాల్లో స్థానికులను కూర్చోబెట్టి పరీక్షించగలిగారు. ఈ దేశంలో అది సాధ్యమేనని అప్పుడే రుజువైంది. అలా చేయకపోతే అది కుదరక కాదు, చేయాలనుకోకపోవడమే.

2007 సెప్టెంబరులో పెద్ద దెబ్బ తగిలింది. మెర్క్ కంపెనీ టీకా ఒకటి తొలి దశల్లో టి కణాల స్పందనను అద్భుతంగా రేపింది, అందరూ దాని మీద ఆశ పెట్టుకున్నారు. జలుబు తెచ్చే అడినోవైరస్ దాని వాహనం. పెద్ద పరీక్షలో అది ఎవరినీ కాపాడలేదు. అంతకంటే దారుణం, ఆ అడినోవైరస్ మీద ముందే రోగనిరోధకత ఉన్న, సున్తీ లేని మగవాళ్లలో టీకా వేయించుకున్నవాళ్లకే హెచ్ఐవీ ఎక్కువగా సోకింది. సియాటిల్‌లో ఎప్పుడో కనిపించిన 'వాహనాన్ని శరీరం ముందే గుర్తుపట్టడం' అన్న సమస్యే ఈసారి మనుషులకు హాని చేసే రూపంలో వచ్చింది. 2009లో థాయ్‌లాండ్‌లో 16,402 మంది మీద జరిగిన పరీక్షలో 31 శాతం రక్షణ కనిపించింది, అదే దారిలో దక్షిణాఫ్రికాలో చేసినది 2020లో ఏమీ లేదని ఆగిపోయింది. తర్వాత వచ్చిన మరో రెండు పెద్ద పరీక్షలూ అంతే.

ఈ వరుస ఓటముల మధ్యనే తొలి దశ పరీక్ష స్వభావం మారింది. అంతవరకు అది ఒక గేటు. టీకా తయారవుతుంది, గేటు దగ్గర చూస్తారు, బాగుంటే ముందుకు పంపుతారు. ఇప్పుడు అది పరిశోధనలో భాగమైంది. టీకా పూర్తికాకముందే, అందులో ఒక్క మెట్టును తీసుకుని, అది మనిషి ఒంట్లో అనుకున్నట్టు జరుగుతుందా లేదా అని చూడటం.

దీనికి మూలం 2010లో దొరికిన వీఆర్‌సీ01 అనే యాంటీబాడీ. హెచ్ఐవీ ఎన్ని వేషాలు మార్చినా మార్చలేని ఒక చోటు దాని పైపొర మీద ఉంది, మన టి కణాన్ని పట్టుకునే చోటు అది. వీఆర్‌సీ01 ఆ చోటునే పట్టుకుని సుమారు తొంభై శాతం రకాల వైరస్‌లను ఆపేస్తుంది. ఇలాంటి యాంటీబాడీలు హెచ్ఐవీ ఉన్నవాళ్లలో కొందరికే, అదీ ఏళ్ల తర్వాత పుడతాయి. అప్పటికి వాళ్లకు ప్రయోజనం ఉండదు. టీకాతో వీటిని పుట్టించగలమా? చిక్కేమిటంటే, యాంటీబాడీలను తయారుచేసే బి కణాల్లో, వీటికి తల్లి లాంటి తొలి కణాలు సుమారు 3 లక్షలకు ఒకటి ఉంటాయి, పైగా అవి అసలు వైరస్‌ను గుర్తుపట్టవు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో విలియమ్ షీఫ్ బృందం కంప్యూటర్ సాయంతో ఆ తొలి కణాలు గుర్తుపట్టగలిగే ప్రొటీన్‌ను రూపొందించింది. పిల్లవాడి చేత ముందే పద్యం చదివించలేం, ఓనమాలు దిద్దించాలి. ఈ ప్రొటీన్ ఆ కణాలకు ఓనమాలు. దాని తర్వాత కొంచెం వేరైన ప్రొటీన్‌తో రెండో సూది, ఇంకొంచెం వేరైనదానితో మూడోది.

మొదటి మెట్టు మనిషిలో పనిచేస్తుందా అన్నదే 2018లో వాషింగ్టన్, సియాటిల్ నగరాల్లో మొదలైన జీ001 పరీక్ష ప్రశ్న. 48 మంది. 36 మందికి టీకా, 12 మందికి ఉత్తుత్తి సూది. ఎనిమిది వారాల ఎడంతో రెండు మోతాదులు. ఈ వాలంటీర్లు ఇచ్చింది జబ్బ ఒక్కటే కాదు. యంత్రం ద్వారా గంటలకొద్దీ రక్తం తీసి తెల్లకణాలను వేరుచేసుకోనిచ్చారు, చంకలోని లింఫ్ గ్రంథుల్లోకి సన్నటి సూది గుచ్చి కణాలు తీసుకోనిచ్చారు. యాంటీబాడీలు తయారు కావడం నేర్చుకునే చోటు ఆ గ్రంథులే, రక్తంలో అంతా కనిపించదు. 2021లో ఫలితం ప్రకటించారు: 36 మందిలో 35 మందికి సరిగ్గా ఆ అరుదైన తొలి కణాలే లేచాయి. మనిషి ఒంట్లో ఒక ఫలానా రకం కణాన్ని ఎంచుకుని మేల్కొలపగలమని ఇంత స్పష్టంగా తేలడం ఇదే మొదలు. అది టీకా కాదు. ఆ యాంటీబాడీలు హెచ్ఐవీని ఆపలేవు, ఇంకా ఆ వయసు రాలేదు వాటికి. కానీ దిశ సరైనదని 48 మంది చెప్పారు, లేకపోతే అది తెలియడానికి ఇంకో పదేళ్లు, కొన్ని వేలమంది పట్టేవారు.

తర్వాత అదే ప్రొటీన్‌ను కొవిడ్ టీకాల్లో వాడిన ఎంఆర్ఎన్ఏ పద్ధతిలో, మోడెర్నా సాయంతో, అమెరికాలో 60 మందికి, రువాండా, దక్షిణాఫ్రికాల్లో 18 మందికి ఇచ్చారు. 2025లో వచ్చిన ఫలితాల్లో ఆఫ్రికాలో 18 మందిలో 17 మందికి మొదటి మెట్టు దక్కింది, అమెరికాలో రెండో రకం సూది వేసినవాళ్లలో ఆ యాంటీబాడీలు మరింత ఎదిగాయి. దానితోపాటు అమెరికా వాలంటీర్లలో 18 శాతానికి చర్మం మీద దురద, దద్దుర్లు వచ్చాయి, కొందరిని అవి చాలాకాలం బాధించాయి. మరో ఎంఆర్ఎన్ఏ హెచ్ఐవీ టీకాలోనూ దద్దుర్లు కనిపించాయి. కొవిడ్ టీకాల్లో ఇంతగా లేని ఈ చిక్కు ఇక్కడ ఎందుకొస్తోందో తేల్చాల్సిందే. డ్యూక్ విశ్వవిద్యాలయంలో బార్టన్ హేన్స్ బృందం చేసిన మరో పరీక్ష 20 మందితోనే ఆగిపోయింది, ఒకరికి తీవ్రమైన అలర్జీ రావడంతో. మిగిలిన మోతాదులు వేయలేదు. అయినా అప్పటిదాకా తీసిన రక్తాన్ని శ్రద్ధగా చదివి, ఆ దారిలోనూ విస్తృతంగా పనిచేసే యాంటీబాడీలు పుట్టించొచ్చని 2024లో ప్రకటించారు. ఒకప్పుడైతే ఆగిపోయిన పరీక్ష కాగితాలు అటక మీదికి చేరేవి.

ఇప్పుడు మరో పెద్ద మార్పు వచ్చింది. లెనకాపవిర్ అనే మందు. ఆరు నెలలకొక సూది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో దాన్ని తీసుకున్న రెండువేల పైచిలుకు యువతుల్లో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదని 2024లో తేలింది. పేద దేశాల కోసం దాన్ని చవగ్గా తయారుచేసే అనుమతి పొందిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. సంతోషించాల్సిన సంగతి. ఇక టీకా ఎందుకు అని కూడా కొందరంటున్నారు. నేనలా అనుకోను. ఆరు నెలలకోసారి జీవితాంతం సూది అందేలా చూడటం, మన ఏజెన్సీ ప్రాంతాల్లో మాత్రలే సమయానికి అందని చోట, ఎంత కష్టమో మనకు తెలుసు. కొన్ని సూదులతో ఏళ్ల రక్షణ ఇచ్చే టీకా విలువ తగ్గలేదు. కాకపోతే ఇంత మంచి మందు చేతిలో ఉండగా, వేలమందికి ఉత్తుత్తి సూది వేసి ఎవరికి జబ్బు వస్తుందో చూద్దామనడం ఇక ధర్మం కాదు. పెద్ద పరీక్షలు కష్టమవుతాయి. కనుక యాభైమంది, వందమంది ఉండే తొలి పరీక్షల మీదే భారం ఇంకా పెరుగుతుంది.

సరిగ్గా ఆ సమయంలోనే డబ్బు ఆగుతోంది. 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయం నిలిపేయడంతో, గ్లెండా గ్రే నాయకత్వంలో ఆఫ్రికా శాస్త్రవేత్తలు స్వయంగా రూపొందించుకున్న 'బ్రిలియంట్' హెచ్ఐవీ టీకా కార్యక్రమం, తొలి దశ పరీక్ష మొదలవబోతుండగా చేతిలో పైసా లేకుండా నిలబడింది. అదే ఏడాది మే నెలలో డ్యూక్, స్క్రిప్స్ కేంద్రాలకు ఇస్తున్న పరిశోధన నిధులను పొడిగించబోమని అమెరికా ప్రభుత్వం చెప్పింది. జీ001లో వాడిన ప్రొటీన్ రూపొందింది ఆ స్క్రిప్స్‌లోనే. మన దేశం ఈ ఖాళీలో కొంతైనా పూరించగలదని నా నమ్మకం. 'సి' రకం వైరస్ మనది, టీకాలు తయారుచేసే కంపెనీలు హైదరాబాద్‌లో, పుణెలో ఉన్నాయి, మనుషులకు చెప్పి, ప్రశ్నలు అడిగి, అర్థమైందని తేలాకే సూది వేయడం తెలిసిన రెండు కేంద్రాలు పుణె, చెన్నైల్లో ఉన్నాయి. ఆ కేంద్రాల తలుపులు తట్టాల్సింది ఐసీఎంఆర్, కేంద్ర ప్రభుత్వం.